ఒడి నింపే సోమవారం

హైదరాబాదులో డాక్టర్ మదన్‌మోహన్ వరండాలో బల్ల మీద రేవణసిద్ధప్పను కూర్చోబెట్టి, కిందటి వారం మనం ఎవరి దారిన వాళ్ళం పోయాం. ఆయన మాత్రం ఎక్కడికీ పోలేదు పాపం, అక్కడే కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ తల మీద పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఇంట్లో చెప్పి వచ్చింది అల్లం బేరమని. జహీరాబాద్ టేషన్లో నలుగురూ చూడాలని ఒక అల్లం బస్తా కూడా వెంట వేసుకుని రైలెక్కాడు. ఆ బస్తా ఇప్పుడు డాక్టరుగారి గోడకు ఆనుకుని, వచ్చేపోయే రోగులకు అడ్డంగా ఉంది.

సంగతి మరిచిపోయినవాళ్ళకు నాలుగు మాటలు. రేవణసిద్ధప్పకు మొగుడంపల్లి దారిలో చెరకు, అల్లం తోటలు, బెల్లం గానుగ ఉన్నాయి. తండ్రి లేడు, తోడబుట్టినవాళ్ళు లేరు. పార్వతమ్మతో పెళ్ళయి పదేళ్ళు దాటినా ఇంట్లో ఉయ్యాల కట్టలేదు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఉడికిన కషాయాలన్నీ పార్వతమ్మే తాగింది. కట్టిన తాయెత్తులన్నీ ఆమె చేతికే కట్టారు. మొన్న వానాకాలంలో మిషన్ దవాఖానలో దొరసానమ్మ ఆమెను పరీక్ష చేసి, నీలో ఏ లోపమూ లేదు, నీ పెనిమిటిని పంపు అంది. ఆ మాట పార్వతమ్మ భర్త చెవిన ఒకసారి వేసింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమై లేచాడు. కోపం చల్లారాక మాత్రం భయం పట్టుకుంది, ఆ భయమే ఆయన్ను ఇంతదూరం తీసుకొచ్చింది.

ఈలోగా తల్లి మహాదేవమ్మ ఊరుకుంటుందా? కొడుక్కి రెండో పెళ్ళి కుదిర్చేసింది. పిల్ల పార్వతమ్మ సొంత చెల్లెలు రత్నమ్మ. బయటి ఆడది వచ్చి నెత్తినెక్కే బదులు చెల్లెలైతే తన కంచం తనకు మిగులుతుందని పార్వతమ్మే కోహీర్ పోయి తండ్రిని బతిమాలింది. తెల్లవారితే సోమవారం. రత్నమ్మకు ఒడి నింపే రోజు.

పరదా పక్కకు జరిగింది. డాక్టర్ మదన్‌మోహన్ తల బయటపెట్టి అటూ ఇటూ చూశాడు.

"సిద్ధప్పగారూ, ఒక్కరే వచ్చిన్రా? ఇంటోళ్ళు ఎవరన్న వెంట ఉన్నరా?"

"ఒక్కన్నే సాబ్."

"అయితే మీరే రాండ్రి."

తోడు ఎవరన్నా ఉన్నారా అని డాక్టరు అడిగితే అందులో మంచికబురు ఉండదని ఎవరూ చెప్పనక్కర్లేదు. రేవణసిద్ధప్ప తలపాగా బల్ల మీదే మరిచి లోపలికి పోయాడు.

కిటికీ పక్కన బల్ల మీద ఇత్తడి మైక్రోస్కోపు ఉంది. కిందటిసారి వచ్చినప్పుడు, ఈసారి వచ్చినప్పుడు, ఒక గాజు బుడ్డి చేతికిచ్చి వెనక గదిలోకి పంపారు. ఆ గదిలో ఆయన పడ్డ సిగ్గు గురించి కిందటి వారమే చెప్పుకున్నాం, మళ్ళీ ఆయన్ను పీడించడమెందుకు! డాక్టరు ఒక గాజుపలక పెట్టి, వంగి సరిచేసి, పక్కకు జరిగాడు.

"చూడున్రి. ఇది ఇంకొకాయనది. పేరు అడగొద్దు."

రేవణసిద్ధప్ప ఒక కన్ను మూసి వంగాడు. వెలుతురు గుండ్రంలో ఏవో చిన్నచిన్న తోకలు. వానాకాలం గుంతల్లో కప్పపిల్లలు ఈదినట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒకటే పరుగు. మనిషి ఒంట్లో ఇంత సందడి ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. చూస్తూ చూస్తూ నవ్వొచ్చింది కూడా.

"ఇప్పుడు మీది."

మళ్ళీ వంగాడు. వెలుతురు ఉంది, గుండ్రం ఉంది. కడిగి బోర్లించిన పళ్ళెంలా ఖాళీగా ఉంది. ఆయన కన్ను నలుపుకుని మళ్ళీ చూశాడు. ఊపిరి బిగబట్టి చూశాడు.

"జర ఆగితే వస్తయేమో సాబ్" అన్నాడు.

డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "రావు సిద్ధప్పగారూ. కిందటిసారి చూసిన, ఒక్కటి లేదు. నా కండ్లు తప్పువోయినయేమో అని ఇయ్యాల మళ్ళ చూసిన. పలక మార్చి మార్చి చూసిన. లేవు."

అప్పుడు డాక్టరు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. కిందటిసారి అడిగినవే మళ్ళీ అడిగాడు. బెల్లం పొయ్యి ముందు మీరే కూర్చుంటారా, ఒంటికి సెగ తగులుతుందా? లేదు, దానికి మనుషులున్నారు. ఎప్పుడన్నా ఎద్దు పొడిచిందా, గుర్రం మీంచి పడ్డారా? లేదు. చెడు తిరుగుళ్ళ వల్ల వచ్చే రోగాలేమైనా? రేవణసిద్ధప్ప చెంపలు వాయించుకున్నాడు. తర్వాత డాక్టరు ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి, బట్ట తొలగించి, వేళ్ళతో నొక్కి చూశాడు. చూస్తున్నకొద్దీ డాక్టరు ముఖం గంభీరమైంది.

"మస్తు చిన్నగున్నయి. రెండూ. పుట్టుకతోని ఇట్ల ఉండవు, తర్వాత ఎండిపోయినయి. సిద్ధప్పగారూ, మీకు గవదలు వచ్చినయా ఎప్పుడన్న? దవడలు వాసి, మింగరాకుండ?"

"వచ్చినయి సాబ్."

"చిన్నప్పుడేనా?"

"కాదు. లగ్గం ముంగట. మీసాలొచ్చినంక."

"దవడలు తగ్గినంక కింద వాసిందా?"

రేవణసిద్ధప్ప తల ఊపాడు. ఆ రోజులు ఆయనకు నిన్నటిలా గుర్తొచ్చాయి. దవడలకు జాజు ఎర్రమట్టి పూత పూశారు, వాపు తీసింది, ఇంటిల్లిపాదీ సంతోషించి పెళ్ళికొడుకును చేశారు. పసుపు పెట్టిన రెండోనాడు ఒళ్ళు కాలిపోయే జ్వరం, కింద భరించలేని నొప్పి, పిడికెడు పిడికెడు వాపు. ఎవరికి చెప్పుకుంటాడు? బాజాలు మోగుతున్నాయి, ఇంటినిండా చుట్టాలు. తల్లికి చెప్పాడు. ఆమె వేపాకు కాచి కట్టు కట్టి, పంటి బిగువున ఓర్చుకో కొడుకా అంది. ఓర్చుకున్నాడు. గుర్రమెక్కి ఊరేగాడు కూడా.

"అదే" అన్నాడు డాక్టరు. "చిన్నపిల్లలకు వస్తే ఫికర్ లేదు. ఈడొచ్చినంక వస్తే కొందరికి కిందికి దిగుతది. రెండు దిక్కుల దిగితే ఒక్కొక్కనికి విత్తనం పుట్టే జాగనే మాడిపోతది. మీకట్ల అయింది."

"మందు?"

"లేదు."

"లడాయి అయిపోయినంక బిలాయత్ నుంచి ఏవో కొత్త మందులు వస్తయంటున్నరు గద?"

"వస్తయి. ఇది బాగుచేసే మందు రాదు."

"అప్పుడే హకీంకు చూపిస్తే?"

"అప్పుడు నేనే ఉన్నా ఏం చెయ్యకపోదును. మీ తప్పు లేదు, ఎవరి తప్పూ లేదు. ఒక్కటి మాత్రం యాది పెట్టుకోన్రి. మొగతనం వేరు, బిడ్డలు పుట్టుడు వేరు. మీ మొగతనానికి ఏం లోటు లేదు. అందుకే మీకు ఇన్నేండ్లు అనుమానం రాలేదు."

ఓదార్పుగా చెప్పిన ఆ మాటే రేవణసిద్ధప్పకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది. కుంటివాడయితే లోకానికి కనిపిస్తుంది, గుడ్డివాడయితే కనిపిస్తుంది. తనకున్న లోపం తనకే కనిపించనిది. దాన్ని ఏ పేరుతో పిలవాలో కూడా ఆయనకు తెలియలేదు. పార్వతమ్మను పిలవడానికి మాత్రం ఊరందరి దగ్గరా ఒక మాట ఉంది. పదేళ్ళుగా ఆమె వెనక, ఒక్కోసారి ముఖం మీదే, ఆ మాట విసురుతున్నారు.

"సాబ్, ఇంకో లగ్గం చేసుకుంటే?"

"పది చేసుకున్నా ఇంతే. ఆ పిల్లల ఉసురు పోసుకోకున్రి."

ఆయన వీధి చివరిదాకా నడిచిపోయాక డాక్టరు నౌకరు తలపాగా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "సేఠ్, బస్తా కూడా మీదే గదా?" అని అరిచాడు. రేవణసిద్ధప్ప వెనక్కి వచ్చి, ఎవరికీ అమ్మని ఆ అల్లం బస్తాను మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

రైలు వికారాబాదులో ఇంజను తిప్పుకుని బయల్దేరేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. చెప్పేస్తాను. జహీరాబాద్ దగ్గరపడుతున్నకొద్దీ ఆ నిర్ణయం చిక్కిపోతూ వచ్చింది. టేషన్లో దిగితే ముగ్గురు నలుగురు పలకరించారు. "ఏం సిద్ధప్పా, బేరం కుదర్లేదా? రేపు ఇంట్ల శుభకార్యమంట గద!" ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు ఎలా ఉందో గానీ వాళ్ళు మళ్ళీ అడగలేదు.

ఇంకా పొద్దు ఉంది. పెరటి చావడిలో మహాదేవమ్మ ఒక్కతే కూర్చుని, సొంఠికి పెట్టిన అల్లాన్ని సున్నపు నీళ్ళలోంచి తీసి గోనెపట్ట మీద రుద్దుతోంది. అరవై ఏళ్ళ మనిషి. మొగుడు పోయిన తర్వాత తోటలు, గానుగ, పాలేళ్ళు, దాయాదుల పేచీలు అన్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. ఆమె మాటకు ఎదురు చెప్పిన రోజు రేవణసిద్ధప్ప బతుకులో లేదు.

"అవ్వా, రేపటి పని ఆపాలె."

"ఎందుకు?"

"నేను అల్లం అమ్మనీకె పోలేదు. డాక్టరు దగ్గరికి పోయిన." గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. మైక్రోస్కోపు సంగతి, ఖాళీ వెలుతురు సంగతి, గవదల సంగతి. చెబుతూ చెబుతూ తల్లి ముఖం చూశాడు. ఆమె ఉలిక్కిపడుతుందనుకున్నాడు, గుండెలు బాదుకుంటుందనుకున్నాడు. ఆమె అల్లం రుద్దుతూనే ఉంది.

"అవ్వా, ఇన్నవా?"

"ఇన్న."

"ఇని గింత నిమ్మలంగ ఉన్నవు!"

మహాదేవమ్మ చేతులు తుడుచుకుంది. పెరటి తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. "నాకు తెల్వంది చెప్తే గద కొడుకా ఉలిక్కిపడనీకె" అంది.

రేవణసిద్ధప్ప గోనెపట్ట మీద అలాగే కూలబడ్డాడు.

"నీకు కట్టు కట్టిన తెల్లారి చెరుకు బండి ఎక్కి బీదర్ పోయిన. పెండ్లి చీరలకని చెప్పిన ఇంట్ల. ఆడ పెద్ద హకీం దగ్గర కూసొని, ఎవరి కొడుకని చెప్పకుండ, వాపు సంగతి చెప్పిన. కొందరికి బాగైతది, కొందరికి విత్తనం పోతదమ్మా, ఏడాది ఆగి చూసి లగ్గం చెయ్యి అన్నడు."

"మరి ఎందుకు ఆగలేదు?"

"ఎట్ల ఆగుత?" అంది మహాదేవమ్మ. "ఒంటికి పసుపు పెట్టినంక ఆగే లగ్గం ఎక్కడన్న ఉన్నదా? పసుపు పెట్టిన పిలగాడు గడప దాటొద్దు. దాటితే ఎందుకు దాటిండు అంటరు. లగ్గం ఆపితే ఎందుకు ఆపిన్రు అంటరు. అప్పటికే మీ నాయిన పోయి దాయాదులు గడ్డపారలు పట్టుకొని గట్టు మీద నిలబడ్డరు. మహాదేవమ్మ కొడుకు మొగోడు కాదంట అని ఒక్క మాట లేస్తే మనల్ని నిలువనిస్తరా? బాగైతదేమో అనుకున్న. శ్రావణమాసం శ్రావణమాసం నీళ్ళు పోసుకుంటదేమో అని కోడలి ముఖం చూసిన. కాలేదు."

"తెలిసీ పార్వతిని అన్ని మాటలంటివి."

"ఎవరో ఒకరిని అనాలె గద."

ఆ మాట ఆమె కఠినంగా అనలేదు. అలసిపోయిన మనిషి బరువు దించుకున్నట్లు అంది. రేవణసిద్ధప్పకు కోపం రావలసింది, ఏడుపొచ్చింది. పదేళ్ళుగా తనకు ముద్దలు కలిపి పెడుతూ, ఆ చేత్తోనే పార్వతమ్మకు కషాయం కాచి ఇస్తూ, ఈమె లోపల ఏం మోసుకు తిరిగిందో తలుచుకుంటే జాలీ అసహ్యమూ కలగలిసి వచ్చాయి.

"మరి రత్న ఎందుకవ్వా? తెచ్చినా ఫాయిదా లేదని నీకెరుక."

"పిల్లల కోసం కాదు. పదేండ్లు పిల్లలు లేకున్నా మారు లగ్గం చేసుకోనోణ్ణి చూసి లోకం ఏమంటది? లోపం వానిదే అంటది. అప్పుడే అంటున్నరు, నా చెవుల పడ్డది. రెండోది వచ్చినంక ఇద్దరు అక్కచెల్లెండ్లకు ఒక్కటే రాత, ఆ ఇంటి ఆడవిల్లల గర్భమే అసుంటిది అంటరు. నీ పేరు రాదు."

ఇంత లెక్క ఆ ముసలిబుర్రలో! రేవణసిద్ధప్ప లేచి నిలబడ్డాడు. "రేపు అందరి ముంగట చెప్త" అన్నాడు.

మహాదేవమ్మ మళ్ళీ గోనెపట్ట దగ్గర కూర్చుంది. "చెప్పు. ఎవరు నమ్ముతరో చూస్త" అంది.

సోమవారం పొద్దు బారెడెక్కేసరికి కోహీర్ నుంచి వీరన్న బండి వచ్చింది. వీరన్న అంటే పార్వతమ్మ తండ్రి, నోట్లో నాలుక లేని మనిషి. వెనక ఆకుపచ్చ చీరలో తల వంచుకుని రత్నమ్మ దిగింది. రేవణసిద్ధప్ప ఆ పిల్లను చూడలేకపోయాడు. తన పెళ్ళిలో కాళ్ళకు అడ్డం పడుతూ, బావా నాకు కొబ్బరి కుడుక ఇయ్యి అని పంచె పట్టుకు లాగిన పిల్ల. ఆ వేళ భుజాన ఎక్కించుకుని పందిరంతా తిప్పాడు.

నడిమింట్లో నల్ల గొంగడి పరిచారు. వాళ్ళ కులగురువు జంగమయ్య వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గోడ వెంబడి సర్దుకున్నారు. పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, తమలపాకులు. రత్నమ్మను గొంగడి మీద కూర్చోబెట్టి కొంగు పరిపించారు. ఆ ఇళ్ళలో రెండో పెళ్ళికి ఒక పద్ధతి ఉంది. తనకు సమ్మతమే అని లోకానికి చూపడానికి మొదటి భార్యే తన దోసిళ్ళతో కొత్తపిల్ల ఒడి నింపాలి. ఒడి నిండితే సగం పెళ్ళి అయినట్లే. ఆ తర్వాత ఆ పిల్లను ఇంకెవరూ అడగరు.

పార్వతమ్మ పళ్ళెం ముందు వంగింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళే గానీ, ముఖం కడుక్కుని, పెద్ద బొట్టు పెట్టుకుని, ఏ మాత్రం తొణకకుండా ఉంది. దోసిట్లోకి బియ్యం తీసుకుంది.

"అయ్యగారూ, జర ఆగున్రి."

రేవణసిద్ధప్ప గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. అందరూ తలలెత్తారు. ఇక వెనక్కి పోవడానికి లేదు.

"లోపం పార్వతిల లేదు, నాల ఉన్నది. పట్నం డాక్టరు రెండుసార్లు చూసిండు. లగ్గం ముంగట గవదలు వచ్చి నాకు కిందికి దిగినయి. అప్పుడే పోయింది విత్తనం. నాకు పిల్లలు పుట్టరు. రత్నను తెచ్చినా ఇంతే. ఈ పిల్ల బతుకు ఖరాబ్ చెయ్యొద్దు మామా, నీకు దండం పెడుత."

 ఎవరో పిల్ల దగ్గింది. రేవణసిద్ధప్ప తలవంచుకుని పిడుగు కోసం చూశాడు.

పిడుగు పడలేదు. వీరన్న లేచి వచ్చి అల్లుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. ముసలాయన కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. "ఇసుంటి అల్లుడు ఎవలకు దొరుకుతడు! నా బిడ్డకు మాట రావద్దని నిందంత నెత్తి మీద ఏసుకుంటున్నడు. నా రెండో బిడ్డను గూడ నీ చేతుల పెట్టిన అల్లుడా, నాకిగ ఫికర్ లేదు."

"మామా, నిజం చెప్తున్న!"

"ఏం నిజం సిద్ధప్పా" అని జంగమయ్య నవ్వాడు. "మొగోడు గట్టిగున్నంక పిల్లలు గాకపోవుడేంది? పట్నం డాక్టర్లు గట్లనే ఏదో ఒకటి చెప్తరు. గవదలు రానోడు ఉన్నడా ఊర్ల? నాకు వచ్చినయి, నాకు ఐదుగురు. పెండ్లాం మీద నీకున్న ప్రేమ అది. మంచిదే. కానీ వంశం గూడ చూసుకోవాలె."

గోడ వెంబడి ఆడవాళ్ళు కొంగులతో కళ్ళద్దుకున్నారు. పార్వతమ్మ ఎంత అదృష్టవంతురాలో అని ఒకామె గుసగుసలాడింది.

"అవ్వా, నువ్వు చెప్పు" అని రేవణసిద్ధప్ప తల్లివైపు తిరిగాడు.

మహాదేవమ్మ కొడుకు ముఖంలోకి సూటిగా చూసింది. "నా కొడుకు మనసు మెత్తన. చిన్నప్పటి సంది గంతే" అంది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ క్షణంలో రేవణసిద్ధప్పకు కొండంత బరువు దిగింది. తల్లి ఒప్పుకోనందుకు కాదు, ఎవరూ నమ్మనందుకు. చెప్పేశాను, నా ధర్మం నేను చేశాను, నమ్మకపోతే నేనేం చేసేది అని లోపల ఎవరో అన్నారు. ఊరందరి ముందు చులకనవుతాననుకున్నవాడు దేవుడయ్యాడు. ఆయన ఊపిరి కాస్త తేలిగ్గా తీసుకున్నాడు. అలా తీసుకోవడం ఒక్క పార్వతమ్మ చూసింది.

ఆమె దోసిట్లో బియ్యం అలాగే ఉంది. భర్త చెప్పిన ప్రతి మాటా ఆమె నమ్మింది. దొరసానమ్మ మాట ఆమె చెవుల్లో ఉంది కదా! పదేళ్ళు తాగిన కషాయాల చేదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చినట్లయింది.

అప్పుడు కొంగు పరుచుకుని కూర్చున్న రత్నమ్మ తల ఎత్తింది. అలాంటి చోట పెళ్ళికూతురు నోరు విప్పకూడదు. అయినా విప్పింది.

"బావా, నిజం చెప్పు. నువ్వన్నది ఖరేనా?"

అడిగింది ఆ పిల్ల. ఆ పిల్ల బతుకే గనక ఆమెకు జవాబు చెప్పాలి. ఒక్క మాట చాలు, అవునంటే చాలు. నిన్న సాయంత్రం తల్లి ముందు నిలబడి తెగేసి చెప్పిన మనిషి ఇతడేనా అన్నట్లు రేవణసిద్ధప్ప నీళ్ళు నమిలాడు. వీరన్న ఇంకా చేతులు వదలలేదు. జంగమయ్య చిరునవ్వుతో చూస్తున్నాడు. గోడ వెంబడి అన్ని కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి, అన్ని కళ్ళలోనూ గౌరవమే ఉంది.

"డాక్టరు అట్ల చెప్పిండు రత్నా..." అన్నాడు. "దేవుని దయ ఎట్లున్నదో మనకేమెరుక."

రత్నమ్మ తల మళ్ళీ కిందికి వాలింది. కొంగు సరిచేసి ఇంకాస్త ముందుకు పట్టింది. ఆ పిల్ల అలా పట్టడం చూస్తే రేవణసిద్ధప్పకు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది. చెయ్యి మాత్రం లేవలేదు.

పార్వతమ్మ దోసిట్లోని బియ్యాన్ని తిరిగి పళ్ళెంలో పోసింది. గింజ కింద పడకుండా పోసింది. భర్తవైపు చూడనైనా చూడలేదు. నేరుగా పోయి అత్త ఎదురుగా నిలబడింది.

"అత్తా, వీళ్ళు నమ్ముతలేరు. మా ఆయన ఒక్క మాట మీద నిలబడడు. మీకు తెలుసు. లగ్గం ముంగట వాస్తే కట్టు కట్టిన చేతులు మీవే ఉంటయి, ఇంకెవరివి ఉంటయి? లింగం చేతిల పట్టుకొని చెప్పున్రి. గవదలు కిందికి దిగలేదు, నా కొడుకుల లోపం లేదు అని ఒక్కమాట చెప్పున్రి. చెప్తే నా చెల్లె ఒడి నేనే నింపుత, మళ్ళ నోరెత్త."

జంగమయ్య ముఖంలో నవ్వు మాయమైంది. మెడలో కట్టుకున్న ఇష్టలింగాన్ని అరచేతిలో పెట్టుకుని పలికిన మాటను ఆ కులంలో పెద్దలెవరూ కాదనరు. పిల్లాటగా ఎవరూ ఆ పని చెయ్యరు. లింగం పట్టి అబద్ధమాడినవాళ్ళ వంశం తెగిపోతుందని వాళ్ళ గట్టి నమ్మకం. ఆ భయంతోనే ఎన్నో పొలం తగాదాలు ఒక్క మాటతో తేలిపోయాయి.

"బిడ్డా, గంత దూరం ఎందుకు" అని వీరన్న గొణిగాడు.

"ఉండనీ వీరన్నా" అంది మహాదేవమ్మ. "అడిగింది గద."

ఆమె చెయ్యి మెడ దగ్గరికి పోయింది. లింగం ఉండే వెండి కాయ మూత తీసింది. లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుంది. ఆ ముసలిచెయ్యి కొంచెం కూడా వణకలేదు.  ఆమె అబద్ధమాడదని, ఆడలేదని, ఒక్కగానొక్క కొడుకున్న తల్లి వంశాన్ని పణంగా పెట్టదని అక్కడున్నవాళ్ళందరికీ ధీమా. పార్వతమ్మకు కూడా అదే ధీమా, అందుకే అడిగింది.

 తల్లి కళ్ళలోకి చూస్తే రేవణసిద్ధప్పకు అంతా అర్థమైంది. వంశం తెగుతుందన్న భయం వంశం ఉన్నవాళ్ళకు. తెగడానికి ఇక అక్కడ ఏమీ మిగల్లేదని ఆ ఇంట్లో గట్టిగా తెలిసింది ఆమెకే.

"అవ్వా!" అని అరవబోయాడు. అరవలేదు.

మహాదేవమ్మ కళ్ళు మూసుకుని, నిమ్మళంగా చెప్పడం మొదలుపెట్టింది.